ఉతికితే పోతుంది... చొక్కా!

ఆదివారం రాత్రి తొమ్మిదిన్నర. అన్నాలయ్యాయి. గిన్నెలు తోమడం కూడా అయింది. అప్పుడు బయటపడింది చొక్కా. స్కూలు బ్యాగు అడుగున, ఉండలా చుట్టి, టిఫిన్ డబ్బా కింద. తెల్ల చొక్కా. జేబు మీద జానెడు నీలం గీత. కాలర్ దగ్గర ఎర్రచుక్కలు, ఆటలమ్మ పోసినట్టు.

"ఏమిట్రా ఇది?"

"శుక్రవారం పోస్టర్ వేశాం నాన్నా. సేవ్ వాటర్."

నీళ్ళు పొదుపు చేయండహో అని మావాడు బొమ్మ వేశాడు. ఆ బొమ్మ పుణ్యమా అని ఆ రాత్రి మా ఇంట్లో నాలుగు బకెట్ల నీళ్ళు మోరీలో కలిశాయి. మరక మాత్రం కలవలేదు.

తెల్లారితే సోమవారం. సోమవారమంటే వైట్ డ్రెస్. రెండో జత ఉతికి ఆరేసి ఉంది, ఇంకా తడి. ఇలాంటి రాత్రి మీ ఇంట్లో జరగలేదా? జరగలేదంటే మీకు పిల్లలు లేరు. లేదా మీ ఇంట్లో ఉతికేది మీరు కాదు.

స్కెచ్ పెన్నుల డబ్బా వెతికాం. మంచం కింద దొరికింది. డబ్బా మీద నవ్వుతున్న ఏనుగు, నవ్వుతున్న పిల్లలు, వాళ్ళ వెనక నవ్వుతున్న తల్లి. అంతమంది ఎందుకు నవ్వుతున్నారో కింద రాసి ఉంది. వాషబుల్! ఇంగ్లీషులో, బొటనవేలంత అక్షరాల్లో, పక్కన ఆశ్చర్యార్థకంతో సహా. అంటే ఉతికితే పోతుందని. ఆశ్చర్యపోవాల్సింది మనమేనని అప్పటికి తెలియలేదు.

ఆ ఆశ్చర్యార్థకం భుజాన ఒక చిన్న నక్షత్రం. అరుంధతీ నక్షత్రం దీనికన్నా నయం. పెళ్ళిలో పురోహితుడు పట్టపగలు ఆకాశంలోకి చెయ్యి చూపిస్తే, ఏమీ కనపడకపోయినా కనపడిందని బుద్ధిగా తల ఊపుతాం. దానివల్ల చొక్కాలేం పాడవ్వవు. ఈ నక్షత్రం ఎక్కడికి చూపిస్తుందో వెతకడానికి డబ్బా నాలుగు పక్కలా తిప్పాను. అడుగున, ధర ముద్రకీ బార్‌కోడ్‌కీ మధ్య, చీమలబారు. ఫోను కెమెరా తెరిచి పెద్దది చేసి చదివాను.

చాలా రకాల దుస్తుల నుంచి పోతుంది. మరక పడిన వెంటనే ఉతకాలి. వేడినీళ్ళు వాడాలి. ఒకటికి రెండుసార్లు ఉతకాల్సి రావచ్చు. ముందుగా గుడ్డ మీద కనపడని చోట పరీక్షించుకోవాలి.

చదివారా? ఇప్పుడు ఒక్కొక్కటే ఉతుకుదాం.

చాలా రకాలట. ఏ రకాలు? ఆ జాబితాలో మా వాడి చొక్కా ఉందా లేదా? ఉంటే రాయొచ్చుగా. లేకపోతే మరీ రాయాలిగా. పెళ్ళిచూపుల్లో అబ్బాయికి 'చాలా మంచి అలవాట్లు' ఉన్నాయంటే మిగిలినవి ఏమిటని అడగమూ?

వెంటనే ఉతకాలట. శుక్రవారం రెండో పీరియడ్‌లో మరక పడింది. పిల్లవాడు చెయ్యెత్తి, "టీచర్, కంపెనీవాళ్ళు వెంటనే అన్నారు" అని చొక్కా విప్పి కొళాయి దగ్గరికి పరిగెత్తాలా? ఆ కొళాయిలో నీళ్ళు రావాలా?

వేడినీళ్ళట. పొద్దున్నే స్నానానికి ఒక హీటరు, నలుగురు మనుషులు ఉన్న ఇల్లు మాది. చొక్కాని అయిదో మనిషిగా వరసలో నిలబెట్టాలన్నమాట.

ఇక ఆఖరిది మాణిక్యం. కనపడని చోట ముందుగా పరీక్షించుకోవాలట! ఎనిమిదేళ్ళ పిల్లవాడు చొక్కా అంచు లోపలివైపు ఒక చుక్క పెట్టుకుని, ఆరనిచ్చి, ఉతికి, ఎండేసి, ఫలితం చూసుకుని, ఆ తరవాత ఏనుగు తొండానికి రంగు వేస్తాడు. అలాంటి పిల్లవాడు పుడితే వాడికి స్కెచ్ పెన్నులెందుకు? నేరుగా కంపెనీలో నాణ్యతా విభాగం అప్పజెప్పొచ్చు. ఆ పదవి ఎలాగూ ఖాళీగా ఉన్నట్టుంది.

చట్టం లేదనుకుంటున్నారా? ఉంది. బోలెడంత ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ప్రకటన అంటే టీవీలో వచ్చేదే కాదు. డబ్బా మీది చీటీ, చుట్టిన కాగితం, బిల్లు కూడా ప్రకటనే. పొగతో రాసినా, గ్యాసుతో రాసినా ప్రకటనే. అంత ముందుచూపు. 2022 జూన్ 9న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. షరతు అనేది చెప్పిన మాటని వివరించాలి గానీ అసలు సంగతి దాచిపెట్టకూడదు, తప్పుదారి పట్టించే మాటకి మరమ్మతు చేయకూడదు. మాట ఏ భాషలో ఉంటే షరతూ ఆ భాషలోనే ఉండాలి. అక్షరాలు కూడా అదే తీరులో, కంటికి కనపడేచోట ఉండాలి. తప్పుదారి పట్టిస్తే మొదటిసారి 10 లక్షల దాకా జరిమానా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా.

చదువుతుంటే కడుపు నిండిపోయింది. డబ్బా అడుగు చూస్తే మళ్ళీ ఆకలేసింది. పెద్ద అక్షరాల్లో ఇచ్చిన మాటని చిన్న అక్షరాల్లో వెనక్కి లాక్కోవడం మన అంగళ్ళలో ఎంత మామూలైపోయిందంటే, నక్షత్రం గుర్తు లేకపోతేనే సరుకు నకిలీదేమో అని అనుమానం వస్తోంది.

కంపెనీ ఫోన్ నంబర్ ఉంది డబ్బా మీద. చేశాను. పదకొండు నిమిషాలు సంగీతం వినిపించారు. ఆ తరవాత ఒక అబ్బాయి.

"ఏ ఫాబ్రిక్ సార్?"

"స్కూలు చొక్కా."

"ప్యూర్ కాటనా, మిక్సింగా సార్?"

"ఏమో బాబూ. స్కూలువాళ్ళు ఇచ్చారు, మేం డబ్బు కట్టాం."

"మరక పడగానే ఉతికారా సార్?"

"రెండు రోజులకి."

"లేటయింది సార్."

"రెండు రోజులకే పర్మినెంట్ అయిపోతే, పర్మినెంట్ అని మీరు విడిగా ఇంకో మార్కర్ ఎందుకు అమ్ముతున్నారు?"

రెండు క్షణాలు నిశ్శబ్దం. "మీ ఫీడ్‌బ్యాక్ మాకు చాలా విలువైనది సార్."

ఆ అబ్బాయిని అనను. వాడి చొక్కా మీద ఏ మరకలున్నాయో ఎవరికి తెలుసు? కానీ నాకు పట్టుదల వచ్చింది. వాళ్ళు పరీక్షించమన్నారు కదా. పరీక్షిద్దాం.

రెండో శనివారం సెలవు. వరండాలో ప్రయోగశాల తెరిచాను. కిరాణా కొట్లో యాభై రూపాయల డబ్బా ఒకటి, మాల్‌లో అద్దాల అరలో మెరిసే ఖరీదైన డబ్బా ఒకటి. రెంటి మీదా అదే మాట, అదే నక్షత్రం. గుడ్డలు అయిదు. నా పాత కాటన్ బనీను. మావాడికి పొట్టయిపోయిన టెర్రికాట్ చొక్కా. జత పోగొట్టుకున్న నైలాన్ సాక్సు. మా ఆవిడ చిరిగిన పట్టుచీర కొంగులోంచి ఒక ముక్క. ఒక చేనేత తువ్వాలు. (తువ్వాలు ఎందుకు చింపావని మీరు అడగక్కర్లేదు. అడిగేవాళ్ళు ఇంట్లోనే ఉన్నారు.)

ప్రతి గుడ్డ మీదా మూడు వరసలు గీతలు గీశాను. మొదటి వరస వెంటనే ఉతకడానికి. రెండోది మూడు రోజులు మూల పడేశాక. మూడోదాని మీద ఇస్త్రీపెట్టె పోనిచ్చాక. పొద్దున హడావుడిలో మరక చూసుకోకుండా ఇస్త్రీ చేసేసే ఇళ్ళు ఎన్ని లేవు?

వస్త్రాల ప్రయోగశాలల్లో రంగు నిలకడ కొలవడానికి బూడిదరంగు పట్టీ ఒకటి వాడతారు. ఐఎస్‌ఓ 105 ప్రమాణంలో భాగం. 1 నుంచి 5 దాకా మెట్లు. 5 అంటే రంగు చెక్కుచెదరలేదని. 1 అంటే గోవిందా అని. నా దగ్గర ఆ పట్టీ లేదు. మా ఇంటికి బట్టలుతకడానికి వచ్చే అక్క ఉంది. ఆవిడ పట్టీలో నాలుగే మెట్లు. పోయింది. పోయినట్టే. పోలే. పారెయ్ సారూ.

"అక్కా, ఇవన్నీ ఉతికి ఏది పోయిందో ఏది పోలేదో చెప్పాలి."

ఆవిడ గుడ్డల వంక చూసింది, నా వంక చూసింది. "సదువుకున్నోళ్ళు గుడ్డలు కరాబు జేసి ఉతకమంటున్రు. ఏందో సారూ, నాకైతే సమజైతలేదు" అని బండ మీద నీళ్ళు పోసింది.

మొదట యాభై రూపాయల డబ్బా. వెంటనే ఉతికిన వరస. బనీను మీద పసుపు, నారింజ పోయాయి. ఆకుపచ్చ పోయినట్టే. ఎరుపు గులాబీ అయి కూర్చుంది. నీలం కదల్లేదు. అన్నిటికన్నా వింత నలుపు. నలుపంటే నలుపు కాదని తడి తగిలాకే తెలిసింది. నాలుగైదు రంగులు కలిపి నలుపని అమ్ముతున్నారు. సబ్బు తగలగానే సంకీర్ణ ప్రభుత్వంలా ఎవరి దారి వాళ్ళు పట్టారు. కొన్ని నీళ్ళలో కొట్టుకుపోయాయి. ఊదారంగు ఒకటి మిగిలి, చుట్టూ ఆకుపచ్చ వలయం వేసుకుని, నెమలికన్నులా నిలబడింది.

టెర్రికాట్ చొక్కా ఇంకా చిత్రం. అందులో పాలిస్టర్ దారం ఉంది, కాటన్ దారం ఉంది. పాలిస్టర్ రంగుని దగ్గరికి రానివ్వలేదు. కాటన్ పట్టుకుని వదల్లేదు. మధ్యలో అక్క రుద్దిన రుద్దుడికి మరక పలచబడి, పాకి, అరచెయ్యంత అయింది. ఉతకకముందు గీత. ఉతికాక మ్యాపు.

ఇక పట్టు. ఎరుపు ఆ పట్టుని పట్టిన పట్టు చూస్తే ముచ్చటేసింది. నెయ్యడానికి ముందే ఆ రంగు అద్దారా అన్నట్టుంది. సాక్సు కూడా దాదాపు అంతే. ఇస్త్రీ తగిలిన వరసలకి అయితే అక్క తీర్పు చెప్పడానికి నోరు కూడా తెరవలేదు. చేత్తో గుమ్మం వైపు చూపించింది.

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నా. ఖరీదైన డబ్బా బాగానే చేసింది. బనీను మీద వెంటనే ఉతికిన ఎనిమిది రంగులూ పోయాయి. మూడు రోజుల వరసలో నీలం నీడ ఒకటి మిగిలింది, వెలుతురుకి పెట్టి చూస్తే తప్ప కనపడదు. పట్టు మీద మాత్రం అదీ చేతులెత్తేసింది.

అంటే ఏమిటి? ఉతికితే పోయే రంగు తయారుచేయడం అసాధ్యం కాదు. ఆ విద్య ఎప్పుడో వచ్చింది. అమెరికాలో క్రేయోలావాళ్ళు ఉతికితే పోయే మార్కర్లు అంగట్లో పెట్టింది 1987లో. రహస్యం కూడా పెద్దదేం కాదు. రంగు అణువుకి నీళ్ళంటే ప్రాణమిచ్చే పొడవాటి తోక తగిలిస్తారు. తోక నీళ్ళ వైపు లాగుతుంది, రంగు దారాన్ని కరుచుకోలేదు, సబ్బునీళ్ళతో పాటు పోతుంది. ఆ తోకకి డబ్బవుతుంది. చవక డబ్బాలో తోక కత్తిరించారు, మాట మాత్రం ఉంచారు. నీళ్ళలో కరిగే మామూలు రంగుల్లో చాలావాటికి పట్టు, ఉన్ని, నైలాన్ అంటే మక్కువ ఎక్కువ. అతుక్కుంటే వదలవు. వేడి తగిలితే ఇంకా లోపలికి దిగుతాయి. ఇది రంగుల కెమిస్ట్రీ చదివిన ఎవరికైనా తెలుసు. డబ్బా మీద ఏనుగుని నవ్వించినవాడికి తెలియదా?

ఆ ఖరీదైన కంపెనీలు కూడా 'చాలా దుస్తులు' అనే అంటాయి గానీ 'అన్నీ' అనవు. సరే, కనీసం వాళ్ళు ఆ 'చాలా'కి కష్టపడ్డారు. మనవాళ్ళు నక్షత్రానికి మాత్రమే కష్టపడ్డారు.

ఇంకో సంగతి. ఆ చొక్కాతో పాటు స్కూలువాళ్ళు ఇచ్చిన నీలం నిక్కరు ఉంది. మొదటి ఉతుకుకే బకెట్ నిండా సిరా చేసింది. నా రెండు బనీన్లు, ఒక దిండుగలీబు ఆకాశరంగుకి వచ్చేశాయి. ఉండాల్సిన రంగు ఉండదు. పోవాల్సిన రంగు పోదు. రెంటి మీదా నాణ్యత ముద్ర ఉంటుంది.

శ్రీకాళహస్తి వెళ్ళి కలంకారీ పనివాళ్ళని అడగండి, గుడ్డ మీద రంగు నిలబెట్టడం అంటే ఏమిటో. ముందు గుడ్డని కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో నానబెట్టాలి. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెడితే గానీ నల్లరంగు తయారవదు. ఎరుపు పట్టాలంటే పటిక కావాలి. మధ్యమధ్యలో పారే నీళ్ళలో జాడించాలి, ఎండబెట్టాలి, మళ్ళీ రాయాలి. స్వర్ణముఖిలో నీళ్ళు లేకపోతే ఆ జాడింపుకీ తిప్పలే. ఇంత చేస్తే ఆ రంగు తరాలు నిలుస్తుంది. మన స్కెచ్ పెన్నుకి కరక్కాయ అక్కర్లేదు, పటిక అక్కర్లేదు. శుక్రవారం రెండో పీరియడ్‌లో, మోచెయ్యి తగిలితే, అర సెకనులో పనైపోయింది. ఈ చవక రంగు రహస్యం ఆ పనివాళ్ళకి చెబితే వాళ్ళ కష్టం సగం తగ్గేది.

మా తాతల నాటి చాకిరేవులో బట్టలు కలిసిపోకుండా నల్లజీడి రసంతో కాలర్ లోపల గుర్తు పెట్టేవారు. చొక్కా చిరిగి పీలికలైనా ఆ గుర్తు పోయేది కాదు. పోదని చెప్పారు. పోలేదు. వాళ్ళ దగ్గర నక్షత్రం గుర్తులు లేవు.

ఎన్నికల సిరానే చూడండి. 1962 సార్వత్రిక ఎన్నికల నుంచి మైసూరులో తయారవుతోంది. సిల్వర్ నైట్రేట్ కలిసిన సిరా. వేలికి పూస్తే చర్మంలోని ఉప్పుతో కలిసి, వెలుతురు తగిలి నల్లబడుతుంది. పాత చర్మం రాలి, గోరు పెరిగేదాకా కడిగినా పోదు. అయినా ప్రతి ఎన్నికలోనూ ఎవడో ఒకడు దాన్ని వదిలించే చిట్కా తెలుసని మీసం తిప్పుతాడు. ఆ మహానుభావుడి చిరునామా దొరికితే మా చొక్కా పంపిద్దామని ఉంది.

ఇక్కడ నేను రాజకీయాల వాషింగ్ మెషిన్ జోకు వేస్తానని చూస్తున్నారేమో. వెయ్యను. అది ఉతికి ఉతికి చివికిపోయిన గుడ్డ. కానీ రంగు వదిలించడం గురించి ప్రభుత్వాలకీ అనుభవం ఉంది. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ భవనాలకి పూసిన అప్పటి అధికార పార్టీ రంగులు తీసేయమని హైకోర్టు చెప్పింది. తీశారా? పక్కన మట్టిరంగు చార ఒకటి కలిపి, ఇవి ఆ రంగులు కావన్నారు. మళ్ళీ కోర్టు. చివరికి సుప్రీంకోర్టు కూడా కాదన్నాకే సున్నం బకెట్ బయటికొచ్చింది. పూసిన డబ్బూ మనదే, గీకిన డబ్బూ మనదే. పాలకులకే వాషబుల్ అనే మాటకి అర్థం అలా ఉంటే, పెన్నుల కంపెనీ దగ్గరికి వెళ్ళి నీతులు చెప్పే అధికారి ఎవరు?

స్కూలు సంగతి చెప్పలేదు కదూ. చెప్పకుండా వదిలేస్తానా?

రంగులతో ఆడే పిల్లలకి తెల్లబట్టలు తొడగాలన్న ఆలోచన ఏ మేధావిదో నాకిప్పటికీ అంతుపట్టదు. బురదలో దిగే రైతు తెల్ల పంచె కడతాడు, నిజమే. కానీ ఆ పంచె మీద బురద చూసి ఎవరూ అతన్ని ప్రార్థన లైనులో విడిగా నిలబెట్టరు. మా స్కూలు బ్రోచర్‌లో మొదటి పేజీలోనే రాశారు, చేతులు మురికి చేసుకుంటేనే చదువు వంటబడుతుందని. డైరీ నాలుగో పేజీలో రాశారు, యూనిఫాం మచ్చ లేకుండా ఉండకపోతే లోపలికి రానివ్వమని. మొదటి పేజీ అడ్మిషన్లప్పుడు చదివిస్తారు. నాలుగో పేజీ ఫీజు కట్టాక. మచ్చ పడితే కొత్త చొక్కా కొనుక్కోవాలి. ఎక్కడ? స్కూల్లోనే, ఆఫీసు గది పక్క కిటికీలో. బడుల్లో యూనిఫాంలు అమ్మకూడదని విద్యాశాఖ హెచ్చరికలు ఏటా పేపర్లో చదువుతూనే ఉంటాం. ఆ హెచ్చరికలు వాషబుల్. ఒక్క ఉతుకుకే పోతాయి.

ఇంతకీ ఇంట్లోంచి నాన్న పాత చొక్కా ఒకటి తెచ్చుకుని, దాన్ని పైన తొడుక్కుని బొమ్మలెయ్యండి పిల్లలూ అని ఒక్క టీచరమ్మ చెబితే ఏం పోయింది? పైసా ఖర్చు లేదు. అందుకే ఎవరికీ తట్టలేదు.

సబ్బులవాళ్ళ పాట ఇంకోటి. ఇరవై ఏళ్ళుగా టీవీలో మరకలు మంచివని చెబుతూనే ఉన్నారు. మంచివైతే వదిలించే పొడి ఎందుకు అమ్ముతారు బాబూ? వాళ్ళ ప్రకటనల్లో మరకలు ఎంత మర్యాదస్తులో గమనించారా? మట్టి, సాసు, కాఫీ. పొడి చల్లగానే నమస్కారం పెట్టి వెళ్ళిపోతాయి. ఆ రాత్రి మేం పొడి వాడాం, లిక్విడ్ వాడాం, పళ్ళపేస్టు వాడాం, నిమ్మకాయ వాడాం, పక్కింటి పిన్నిగారు చెబితే ఉప్పు వాడాం. చేతులకి రాసుకునే శానిటైజర్ దూదితో అద్దితే కొంత దిగింది, ఆ మాట ఒప్పుకోవాలి. కింద పాతగుడ్డ వేసి, రుద్దకుండా అద్దాలి. రుద్దితే మ్యాపే. చివరికి బ్లీచింగ్ వేస్తే నీలం గీత బూడిదరంగైంది, చుట్టూ ఉన్న తెలుపు పసుపుపచ్చనైంది. పెన్నువాణ్ణి అడిగితే సబ్బు సరిగా లేదంటాడు. సబ్బువాణ్ణి అడిగితే నీళ్ళలో ఉప్పు ఎక్కువంటాడు. మాది బోరు నీళ్ళే, సబ్బు నురగ రాదు, నిజమే. నీళ్ళవాళ్ళని అడుగుదామంటే ట్యాంకర్ బుక్ చేశాక మూడు రోజులకి గానీ రాదు. అప్పటికి మరకకి పెళ్ళీడు వస్తుంది.

ఈ మొత్తం వ్యవహారంలో ఎవరూ లెక్కలోకి తీసుకోని సరుకు ఒకటుంది. టైము. 2019లో కేంద్ర గణాంక శాఖ చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు అప్పట్లో రోజుకి సగటున 299 నిమిషాలు దానికే పెట్టేవారు. మగవాళ్ళు 97. ఆ 97లో నా వాటా ఎంతో మా ఆవిడ చెబుతుంది, రాయొద్దంది కాబట్టి రాయను. వాషబుల్ అని రాసినవాడు ఒక్కసారైనా బండ దగ్గర గొంతుక్కూర్చున్నాడా? ఆ మాటకొస్తే నేను కూర్చున్నానా? ఆ ఆదివారం రాత్రి పదకొండున్నరకి ఉతుకుతున్నది మా ఆవిడ. నేను పక్కన నిలబడి ఫోన్ టార్చి పట్టుకుని డబ్బా అడుగు చదువుతున్నాను, గట్టిగా.

"చదివింది చాలు గానీ, కాస్త ఆ బకెట్ ఇటు జరుపుతారా?" అంది.

కంపెనీ దృష్టిలో వాషబుల్ అంటే ఉతకడానికి ఎవరో ఒకరు ఉంటారని. ఇంతే అర్థం. ఆ ఎవరో ఒకరికి వేడినీళ్ళు, మంచి సబ్బు, తీరిక, భూతద్దం, ఇంగ్లీషు అన్నీ ఉంటాయని వాళ్ళ నమ్మకం. ఏ గుడ్డ మీద, ఏ నీళ్ళతో, ఎన్ని ఉతుకులకి, ఎన్ని గంటల్లోపు పోతుందో పెద్ద అక్షరాల్లో తెలుగులో రాయమనండి. రాయలేరా? అయితే ఆ ఏనుగుని నవ్వొద్దనండి.

ఈసారి డబ్బా పారేయకండి. బిల్లు దాచండి. మరక ఫొటో తీయండి, డబ్బా అడుగు ఫొటో తీయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. పెద్ద అక్షరాలేమన్నాయో, చిన్న అక్షరాలేమన్నాయో రెండూ చదివి వినిపించండి. నేను చేశాను. ఫిర్యాదు నంబర్ ఇచ్చారు. దాన్ని రాసుకోవడానికి చేతికి దొరికింది ఆ నీలం స్కెచ్ పెన్నే.

చొక్కా ఇప్పుడు మా వంటింట్లో మసిగుడ్డ. రోజుకి రెండుసార్లు జాడిస్తారు. జేబు మీద గీత అలాగే ఉంది.